కెమెరా పట్టుకున్న మనిషి

ఇంటి నుంచి,
వానలు మొదలయ్యాయి

చెల్లీ,

ఇక మీదట ఫోను చెయ్యకు. నీ ఫోను వచ్చినప్పుడల్లా నేను వంటింట్లో దూరి గొంతు తగ్గించడం, చిట్టిగాడు తలుపు అవతల నిలబడి ఊపిరి బిగబట్టడం, ఇదో భాగోతమైపోయింది. "పెద్దక్కా, నా గురించేగా?" అంటాడు. కాదంటే నమ్మడు, అవునంటే నిద్రపోడు. వాడికి వినపడకుండా ఫోన్లో గుసగుసలాడొద్దని మీ డాక్టరు గారే తెరలోంచి నాకు క్లాసు పీకారు. అందుకని ఉత్తరాలే గతి. నువ్వు బడి అడ్రసుకి రాయి. హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీది కవరు చింపే మగాడు ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

డాక్టరు గారితో మొదటి వీడియో బాగానే జరిగింది. వాడికి గడ్డం గీయించి, ఇస్త్రీ చొక్కా తొడిగి కూర్చోబెట్టాను. తెరలో కనిపించేది రొమ్ము దాకానే కాబట్టి కింద మాసిన పైజమా ఉన్నా ఫర్వాలేదు. నేను బీరువా పక్కన స్టూలు మీద, కెమెరాకి అందకుండా కూర్చున్నాను. డాక్టరు గారి వెనక నీలం తెర తప్ప ఏమీ కనిపించలేదు. అటు పక్క టైపు చేస్తూ నువ్వున్నావని నాకు తెలుసు, వాడికి తెలియదు. నువ్వు బతిమాలావు కాబట్టి నేనూ చెప్పలేదు.

ఏమడిగినా వాడు లిఫ్టు కథే మొదలుపెట్టాడు. లిఫ్టు మెకానిక్కులు పెట్టె నెత్తి మీద కూర్చుని పని చేస్తే లోపలి జనం మాటలన్నీ వినిపిస్తాయట. పదేళ్ళు విన్నాడు. చివరికి వాళ్ళంతా తన గురించే మాట్లాడుకుంటున్నారని తేలిందట. ఆ తర్వాత రెండంతస్తుల మధ్య దాక్కుని దిగిరానన్నది, ఫైరు వాళ్ళొచ్చి దింపింది నీకు తెలిసిందే. ఇదంతా పూస గుచ్చినట్టు చెబితే ఏ డాక్టరు మాత్రం ఆరోగ్యంగా ఉన్నావని రాస్తాడే?

కాబట్టి నాకు ప్రశ్నలు కావాలి. ఆయన వచ్చే నెల ఏమడుగుతారో రాసి పంపు. మొద్దుల్ని పాస్ చేయించడం నా వృత్తి.

ఇంకో మాట. మా డ్రాయింగు మాస్టారు పెళ్ళి మాట ఎత్తారు. నవ్వకు. నా వయసు నాకు తెలుసు. "మీరంటే ఇష్టం, మీ తమ్ముడంటే భయం" అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేను, నాకూ అంతే.

నీ అక్క

*

నగరం నుంచి,
అదే వానలో

అక్కా,

నవ్వలేదు. మాస్టారు మంచివాడైతే అంతే చాలు.

మా గది నీకు తెలియాలి. గోడ మీద పెద్ద తెర, దాని కింద స్టాండు మీద కెమెరా. ఎదురుగా డాక్టరు గారు. ఆయన ఎడమ పక్క మూలలో చిన్న బల్ల దగ్గర నేను. రోగి మాట్లాడుతున్నంతసేపూ నోరు మూసుకుని టైపు చెయ్యడమే నా పని. చిట్టి మొహం మా హాలు కిటికీ అంత పెద్దగా వచ్చింది. చిన్నప్పుడు నేను తోస్తే తగిలిన గాటు కనుబొమ్మ మీద ఇంకా ఉంది. చేతులు టైపు చేస్తూనే ఉన్నాయి గాని ఏం కొట్టానో నాకు తెలియదు.

రోగి బంధువులెవరూ ఈ గదిలో ఉండకూడదన్నది ఇక్కడి మొదటి నియమం. పెళ్ళయి నా ఇంటిపేరు మారింది కాబట్టి సరిపోయింది. తెలిస్తే ఉద్యోగం పోతుంది. పోతే పోనీ, ఎందుకు పోయిందని మా ఆయన అడుగుతారు కదా. మా అత్తగారి లెక్కలో నా తమ్ముడు ఓడ మీద పని చేస్తూ సముద్రాలు తిరుగుతున్నాడు. పెళ్ళిచూపుల్లో ఆ ఓడ ఎక్కించింది నువ్వే.

ప్రశ్నలు రాస్తున్నాను, ఈ కాగితం చింపెయ్యి. నిద్ర ఎలా ఉందంటారు. తర్వాత, నీ గురించి ఎవరైనా మాట్లాడుకుంటున్నారా అని మామూలుగా, టీ తాగావా అన్నట్టు అడుగుతారు. అక్కడే అందరూ పడిపోతారు. "ఎవరి గొడవ వాళ్ళది, నా గురించి మాట్లాడుకునే తీరిక ఎవరికుందండీ" అనాలి. మందులు నిజంగా మింగించు, అది మాత్రం నటన కాకూడదు.

చలికాలం దాకా వాడు నిలకడగా ఉంటే పనిలో చేరొచ్చని కాగితం రాస్తామని డాక్టరు గారన్నారు. మళ్ళీ పాత మాట ఎత్తితే మాత్రం కొండ మీది హోములో చేర్పించాలట. అక్కడ చేరినవాళ్ళు త్వరగా బయటికి రారు.

చిన్నది

*

ఇంటి నుంచి,
వాన వెలిసింది

చెల్లీ,

నీ ప్రశ్నాపత్రం అక్షరాలా వచ్చింది. వాడు నేర్పినట్టే అప్పజెప్పాడు. "తీరిక ఎవరికుందండీ" అన్నప్పుడు డాక్టరు గారు నవ్వారు, చూశావుగా. నేనైతే స్టూలు మీదే చప్పట్లు కొట్టబోయాను.

నిజం చెప్పాలంటే ఇప్పుడు అప్పజెప్పించే పని కూడా లేదు. మందులు పని చేస్తున్నాయి. మొన్న మన బిల్డింగు లిఫ్టు ఆగిపోయింది. కంపెనీ వాళ్ళు ఎప్పటికో గాని రారు కదా. వీడే పనిముట్ల పెట్టె తీసుకుని పైకెక్కాడు. నాకు గుండె ఆగినంత పనైంది. కింది వాటా ఆవిడ లోపల నిలబడి ఎవరినో కడిగి పారేస్తూనే ఉందట. దిగి వచ్చి, "పెద్దక్కా, ఆవిడ తిట్టింది కోడల్ని, నన్ను కాదు" అన్నాడు. చెప్పి తనే పగలబడి నవ్వాడు. వాడు అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. నాకు ఏడుపొచ్చింది, ఇంకో గదిలోకి పోయి ఏడ్చాను.

లిఫ్టు కంపెనీ వాళ్ళు డాక్టరు కాగితం తెస్తే వాణ్ణి పనిలోకి తీసుకుంటామన్నారు. అయితే ఇక్కడ కాదు, నగరంలో. నీకు దగ్గర్లోనే గది చూసుకుంటాడట. "చిన్నక్క ఇంటికి ఆదివారాలు వెళ్తాను, వాళ్ళ పిల్లకి బొమ్మ లిఫ్టు చేసిస్తాను" అంటున్నాడు. రేకు ముక్కలు అప్పుడే కత్తిరించడం మొదలుపెట్టాడు.

మాస్టారు మన గుమ్మం రంగు బాగాలేదంటున్నారు. ఎవరి గుమ్మమని అడిగాను. సిగ్గుపడ్డారు.

నీ అక్క

*

నగరం నుంచి,
ఎండగా ఉంది

అక్కా,

నీకు మతి గాని పోయిందా? ఇంట్లో ఒకడికి పోయింది చాలదా?

వాడు ఇక్కడికి ఎలా వస్తాడు? ఓడ దిగి వచ్చాడని చెప్పమంటావా? మా అత్తగారు ఏ ఓడ, ఏ రేవు, ఎందుకు మానేశావని ఆరా తీస్తుంది. ఆవిడ ముందు పోలీసులు ఎందుకూ పనికిరారు. వాడు అబద్ధం ఆడలేడు. టీ చల్లారే లోపు లిఫ్టు కథ మొత్తం చెప్పేస్తాడు. అప్పుడు మా ఆయన నా వైపు చూసే చూపు నువ్వు చూడక్కర్లేదు, నేను చూడాలి. నా కూతురు కాస్త పరధ్యానంగా ఉన్నా "వాళ్ళ మేనమామ పోలిక" అంటారు జీవితాంతం.

నువ్వు పెళ్ళి చేసుకో, వద్దనలేదు. నీ గుమ్మం కడుక్కోవడానికి చెత్త నా గుమ్మంలో పొయ్యకు.

వాడు వచ్చాడంటే మొదటి బండికే వెనక్కి ఎక్కిస్తాను. నేను చెయ్యలేననుకోకు.

చిన్నది

*

ఇంటి నుంచి,
గాలి చల్లబడింది

చెల్లెమ్మా,

చెత్త అన్నమాట. సరే.

అమ్మ పోయేటప్పుడు వాడి చెయ్యి మనిద్దరి చేతుల్లోనూ పెట్టింది. నువ్వు పెళ్ళి చేసుకుని ఒక చెయ్యి విదిలించుకున్నావు. రెండోది నాది కాబట్టి ఇన్నాళ్ళూ పట్టుకుంది. వాడు వీధి వాకిట్లో నిలబడి జనాన్ని తిడుతున్నప్పుడు నువ్వెక్కడున్నావు? నా బడి పిల్లలు కిటికీల్లోంచి చూస్తూ "హెచ్చెమ్ గారి స్క్రూ లూజు తమ్ముడు" అంటుంటే నువ్వెక్కడున్నావు? ఏటా ఒక చీర పంపావు. రంగులు కూడా బాగుండేవి కావు.

వాడిని వెనక్కి ఎక్కిస్తానన్నావు. ఎక్కిస్తావని నాకు తెలుసు, నీ రాతిగుండె నాకు కొత్త కాదు. వాడు పెట్టె పట్టుకుని మళ్ళీ నా గుమ్మంలో నిలబడతాడు. లోపల మాస్టారు ఉంటారు. ఆయన ఆ రోజే చెప్పులు వేసుకుంటారు.

వచ్చే వారం డాక్టరు గారు కాగితం రాస్తామన్నారు. వాడు కొత్త చొక్కా కొనుక్కున్నాడు. నీ మూలలో నువ్వు నోరు మూసుకుని కూర్చో, అదొక్కటి చాలు.

నీ అక్క

*

నగరం నుంచి,
చలి

అక్కా,

నోరు మూసుకుని కూర్చోలేకపోయాను. నువ్వు అక్కడే ఉన్నావు, విన్నావు. కానీ ఇటువైపు ఏం జరిగిందో నీకు తెలియాలి. ఇంకెవరికీ చెప్పుకోలేను.

ఆ పొద్దున వాడు కొత్త చొక్కాలో తెర మీదికి వచ్చేసరికే డాక్టరు గారి ముందు కాగితం రెడీగా ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. నిద్ర బాగుందన్నాడు. ఎవరి గొడవ వాళ్ళదన్నాడు. ఆఖరున ఆయన "ఇప్పుడు మనసెలా ఉంది?" అని అడిగారు. అది నేను పంపిన ప్రశ్నల్లో లేదు. వాడు కాస్త ఆలోచించి, "పైకీ కిందికీ పోవడం లేదండీ, అంతస్తు దగ్గర ఆగింది. తలుపు మీరు తియ్యాలి, తాళం మీ దగ్గరుంది" అన్నాడు.

డాక్టరు గారు నవ్వారు. నేనూ నవ్వాను. ఆపుకోలేదు అక్కా, వచ్చేసింది. నా నవ్వు నీకు తెలుసుగా, మధ్యలో గుర్రు పెట్టినట్టు ఊపిరి లోపలికి లాగుతాను. దానికి వాడు చిన్నప్పుడు ఎంత ఏడిపించేవాడో.

వాడి మొహం ఒక్కసారి వెలిగిపోయింది. భయం లేదు, అనుమానం లేదు, సంతోషం. "చిన్నక్కా! చిన్నక్క అక్కడుందండీ, నవ్వింది" అన్నాడు.

డాక్టరు గారి నవ్వు ఆగిపోయింది. కలం పక్కన పెట్టారు. నవ్వింది మా టైపిస్టు, మీకు అక్కలాగా వినిపించింది అంతే అని నెమ్మదిగా చెప్పారు. కాదు, మా అక్కే, నాకు తెలియదా అని వీడు. అప్పుడు ఆయన నిన్నడిగారు. నువ్వు బీరువా పక్కనుంచి కెమెరా ముందుకొచ్చి, మా చెల్లెలు ఏదో ఆఫీసులో పని చేస్తుందండీ, వీడికి అప్పుడప్పుడూ అలా అనిపిస్తుంది అన్నావు. నన్ను కాపాడావు. అంత రాసి కూడా కాపాడావు.

వాడు పెద్దగా అరవడం మొదలుపెట్టాక డాక్టరు గారు నా వైపు తిరిగి, "గదంతా ఒకసారి చూపించమ్మా, పాపం నమ్మకం కుదురుతుంది" అన్నారు. నేను లేచి స్టాండు మీంచి కెమెరా తీశాను. దాన్ని ఎత్తి పట్టుకుని నెమ్మదిగా చుట్టూ తిప్పాను. నీలం తెర, కిటికీ, తలుపు, ఫైళ్ళ అల్మారా, నా బల్ల, నా ఖాళీ కుర్చీ. గదిలో నేనొక్కదాన్నే వాడికి కనపడలేదు. తెర మీద వాడు కళ్ళు చిన్నవి చేసుకుని ఒక్కో మూలా వెతుకుతున్నాడు.

తర్వాత అరుపు మానేశాడు. "కెమెరా పట్టుకున్నది ఎవరండీ?" అని అడిగాడు.

టైపిస్టు అన్నారు డాక్టరు గారు. ఆవిడ మొహం చూపించమన్నాడు. ఆయన నా వైపు చూసి, అభ్యంతరం లేదు కదా అని కళ్ళతోనే అడిగారు. ఒక్క క్షణం అక్కా. కెమెరాని నా వైపు తిప్పితే అయిపోయేది. ఉద్యోగం పోయేది, ఇంట్లో రభస జరిగేది, వాడు బాగుపడేవాడు. నాకు మా అత్తగారి మొహం కనిపించింది. అడ్డంగా తల ఊపాను.

అయిపోయాక డాక్టరు గారు నాకే సారీ చెప్పారు, ఇబ్బంది పడి ఉంటావని. ఒక రుజువు చూపిస్తే ఇంకోటి అడగడమే ఈ జబ్బు లక్షణమట. ఇంట్లో వాళ్ళని వేరే చోట చూడడం, ముందు సంతోషం, వెంటనే అరుపులు. అలా వరసగా చెబుతూ నాతో టైపు చేయించారు. "తన అక్క డాక్టరు గదిలో దాగి ఉందని రోగి గట్టిగా నమ్ముతున్నాడు." నేనే కొట్టాను, తప్పుల్లేకుండా. మందు పెంచి, హోముకి రాశారు.

ఇంకా వేళ మించిపోలేదు. నేను చెప్పలేను. నువ్వు చెప్పగలవు. నా పేరు చెప్పెయ్యి, నిన్నేమీ అనను. ఈ మాట ధైర్యంగా రాస్తున్నాను గాని, నువ్వు చెప్పకూడదనే కోరుకుంటున్నాను. చూశావా, ఎలాంటిదాన్నో.

చిన్నది

*

ఇంటి నుంచి,
చలి బాగా ముదిరింది

చెల్లీ,

నిన్ను కాపాడానని పొంగిపోకు. నీ నవ్వు నాకూ వినిపించింది. అది నీదేనని వాడి కంటే ముందు పోల్చుకున్నాను. డాక్టరు గారు నన్ను అడిగినప్పుడు నా నాలుక చివర నిజమే ఉంది. అంతలో ఆలోచించాను. నిజం చెబితే కాగితం వస్తుంది, వాడు నీ దగ్గరికి వస్తాడు, నువ్వు మొదటి బండికే ఎక్కిస్తావు. హోముకి పోతే ఎవరూ వెనక్కి ఎక్కించరు. ఇంత లెక్క అంత వేగంగా చెయ్యగలనని నాకే తెలియదు. నీ కోసం కాదు, నా గుమ్మం కోసం ఆడాను ఆ అబద్ధం. నాకు ఆ ఉపాయం ఇచ్చింది కూడా నీ ఉత్తరమే.

తర్వాత నాలుగైదు రోజులు వాడు నన్ను వదల్లేదు. నువ్వు విన్నావు కదా పెద్దక్కా, ఆ గుర్రు ఇంకెవరు పెడతారు అని. నేను టీచర్ని కదా, ఓపిగ్గా చెప్పాను. మనకి కావలసినవాళ్ళు గుర్తొచ్చినప్పుడు అలా వినపడుతుందిరా అన్నాను. డాక్టరు నాతో చెప్పిన మాటలే చెప్పాను. కొత్త మందు వాణ్ణి మెత్తగా చేసింది. చేతులు వణికి స్క్రూడ్రైవరు జారిపోతోంది. పిల్లకి చేస్తున్న బొమ్మ లిఫ్టు తలుపు దగ్గరే ఆగిపోయింది.

నిన్న హోము బండి వచ్చింది. వచ్చినవాళ్ళు మంచివాళ్ళే, వాడి పెట్టె వాళ్ళే మోశారు. మెట్ల మీద వాడు ఆగిపోయాడు. జబ్బ పట్టుకోబోయిన మనిషిని పక్కకి జరగమన్నాడు, నెమ్మదిగానే.

"పెద్దక్కా, నువ్వు నాకు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఒక్కసారి అడుగుతాను, ఇంక అడగను. అక్కడున్నది చిన్నక్కా, కాదా?"

నేను వాడి కాలరు సరిచేశాను. కాదురా అన్నాను.

వాడు చాలాసేపు నా మొహంలోకి చూశాడు. నేను కళ్ళు దించలేదు, అది నాకు వృత్తి నేర్పిన విద్య. "అయితే నాకు నిజంగానే పిచ్చి పెద్దక్కా" అన్నాడు. ఏడవలేదు. తనకై తనే బండెక్కి, తనే తలుపేసుకున్నాడు. ఇన్నాళ్ళూ జబ్బుగా ఉన్నప్పుడు కూడా ఆ మాట వాడు ఒప్పుకోలేదు. నేను ఒప్పించాను.

మాస్టారు సాయంత్రం వచ్చారు. గది ఖాళీగా ఉంటే ఎంత వెలుతురు వస్తోందో అన్నారు. ఆయన్ని కొట్టాలనిపించింది. టీ పెట్టి ఇచ్చాను. పెళ్ళి వచ్చే నెల. నువ్వు రాకు.

అక్క

*

నగరం నుంచి

అక్కా,

రాను. ఇదే ఆఖరి ఉత్తరం, నువ్వూ జవాబు రాయకు.

ఈ నెల నుంచి ఆ హోములో వాళ్ళని కూడా చూసేది మా డాక్టరు గారే, ఇదే తెర మీద. అది నీకు తెలియదనుకుంటాను. నాకూ ఇవాళే తెలిసింది. వరసలో మూడో మనిషిగా వాణ్ణి తెచ్చి కూర్చోబెట్టారు. జుట్టు కత్తిరించారు. మొహం ఉబ్బింది. కనుబొమ్మ మీది గాటు వెతికితే గాని కనపడలేదు.

డాక్టరు గారు నిద్ర గురించి అడిగి, తర్వాత మామూలుగా, "ఈ గదిలో ఎవరెవరున్నారంటారు?" అన్నారు.

వాడు తొందరపడలేదు. నువ్వు నేర్పినట్టు వేళ్ళు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని, "మీరు, మీ టైపిస్టు" అన్నాడు.

"టైపిస్టు ఎవరు?"

"ఎవరో ఆవిడ. నాకు తెలియదు. ముందు నాకు జబ్బు వల్ల మా అక్కలాగా అనిపించిందండీ. మా పెద్దక్క చెప్పాక అర్థమైంది."

డాక్టరు గారికి చాలా సంతోషం వేసింది. తన జబ్బు తనే గుర్తించడం అన్నిటికన్నా మంచి లక్షణమట, చాలామంది అంత దూరం రాలేరట. ఇదే మందు ఇలాగే ఇంకా కొన్నేళ్ళు కొనసాగించమన్నారు. ఆయన చెబుతుంటే నేను కొట్టాను. కొట్టడం అయ్యాక చదివి వినిపించమన్నారు, వినిపించాను. నా గొంతు వాడికి నేరుగా వినిపించే ఉంటుంది, తెర ఇంకా ఆర్పలేదు. వాడు బల్ల మీద చేతులు పెట్టుకుని, తర్వాతి మనిషి కోసం లేవమని ఎప్పుడు చెబుతారా అని చూస్తున్నాడు.